వంటయింటి శాస్త్రము: కరగుటలో వేడిమి, కరగుటలో చలువ

గత మాసమున పాలు తోడుకొను విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున నీటిలో కరగెడి వస్తువులను గూర్చి కొంత చెప్పదలచితిమి. ఇది మేము ముందుగా అనుకొన్న విషయము కాదు. మా యింట జరిగిన యొక ప్రమాదము మాచేత దీనిని వ్రాయించుచున్నది. దానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తోచినది. ఏలయన, అట్టి ప్రమాదమునకు అవకాశము లేని యిల్లు నేడు అరుదు.

ఆ మాట చెప్పుటకు ముందు మీరందఱు ఎఱిగిన రెండు సంగతులను జ్ఞాపకము చేసెదము. బట్టలు నానవేయునపుడు తడి యరచేతిలో సబ్బుపొడి వేసికొని పిడికిలి బిగించినచో చేయి వెచ్చబడును. వేసవిలో పిల్లలకు నీటిలో కలిపి యిచ్చెడి గ్లూకోజు పొడిని చిటికెడు నాలుకపై వేసికొన్నచో నాలుక చల్లబడును. సబ్బుపొడి వేడిదియు కాదు, గ్లూకోజు చల్లనిదియు కాదు. రెండును ఒకే యింట, ఒకే గాలిలో నున్నవే. నీరు తగిలిన తరువాతనే ఒకటి వేడిని వెడలగ్రక్కినది, ఒకటి వేడిని మ్రింగినది. ఎన్నియో యేండ్లుగా మేమును ఈ రెండింటిని ఎఱిగియుండియు, ఇట్లేల జరుగునని ఎవ్వరినైనను అడిగినవారము కాము.

సంక్రాంతి పండుగకు మా ఆడపడుచు పుట్టినింటికి వచ్చినది. కొబ్బరినూనెతో ఇంటనే సబ్బు చేయవలెనని మాయిరువురకును కోరిక పుట్టినది. ఎవరో చేతివ్రాతతో ఇచ్చిన కాగితమున నూనె యింత, కాస్టిక్ సోడా యింత, నీరు ఇంత అని తూకములు మాత్రము ఉండెను. దేనిలో దేనిని పోయవలెనో అందు లేదు. రొట్టెల పిండి కలుపునపుడు మనము పిండిలో నీరు పోయుదుము గదా! ఆ యలవాటుననే ఆమె స్టీలు గిన్నెలో సోడా నంతయు పోసి, దానిపై గ్లాసుతో నీరు ఒలికించినది. మఱుక్షణముననే బుస్సుమని శబ్దము, పొగవంటి యావిరి, గిన్నె యంచు దాటి ఎగసిన తుంపురులు! ఆమె ముంజేతిపై నాలుగైదు చోట్ల పడినవి. కంటికి అద్దములు పెట్టుకొనియుండుటచేత కన్ను దక్కినది. అద్దముపై రెండు చుక్కలు పడియుండుటను తరువాత చూచితిమి.

"వదినా! చల్లని నీళ్లే పోసితినే! పొయ్యి కూడ వెలిగింపలేదే!" అని ఏడ్చుచు ఆమె యన్న మాట యింకను మా చెవులలో నున్నది.

పొరుగింటామె నిమ్మకాయ కోసికొని పరుగెత్తి వచ్చినది. క్షారమునకు పులుపు విరుగుడని ఆమె తలంపు. మా అత్తగారు ఆ నిమ్మకాయను వలదని, కూతురి చేయి పట్టుకొని పెరటి కొళాయి క్రిందికి తీసికొనిపోయి, గాజులు తీయించి, అరగంట సేపు నీటిధార క్రిందనే యుంచిరి. పిదప వైద్యుని యొద్దకు పోయితిమి. పై చర్మము మాత్రమే కాలినదనియు, నీరు పోయుట ఆలస్యమైనచో గాయము లోతుగా దిగియుండెడిదనియు ఆయన చెప్పిరి. అత్తగారు పుస్తకము చూచి చేసిన పని కాదిది. ఇంటికి వచ్చిన తరువాత కూతురితో, "సున్నము తడుపునపుడు కుండలో మొగము పెట్టి చూడరాదని చిన్ననాడే చెప్పితిని గదే! ఈ సోడాయు ఆ సున్నమునకు చెల్లెలే" అనిరి. ఆ మాట యెంత నిజమో లెక్క చూచిన పిదపగాని మాకు తెలియలేదు.

పొయ్యి వెలిగింపకయే నీరు మరగుటకు కారణమేమి? దీనిని తెలిసికొనుటకు కరగుట యనగానేమో మొదట తెలియవలయును. మన భాషలో ఈ యొక్క మాటయే రెండు పనులకు చెల్లుచున్నది. మంచుగడ్డ కరగును, నేయి కరగును, ఉప్పును నీటిలో కరగును. నేతికి వేడిమి చాలును. ఉప్పునకు మాత్రము నీటి సహాయము కావలయును. మాట యొక్కటియే యగుటచేత, నీటిలో కరగుట యనగా వస్తువు మెత్తబడి మాయమగుటయని తలచుచుందుము. మాయమగుట లేదు. రుచి చూచినచో ఉప్పు అచ్చటనే యున్నది.

ఉప్పుకల్లులో సోడియము, క్లోరిను అను రెండు విధముల కణములు కలవు. ఒకదానికి ధనవిద్యుత్తు, మఱియొకదానికి ఋణవిద్యుత్తు. అందుచేత అవి వరుసలు తీర్చి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును. శాస్త్రజ్ఞులు వీనిని అయానులందురు. సమాసమును విడదీసి విగ్రహవాక్యము చెప్పునపుడు పదములు వేఱువేఱగునట్లు నీటిలో నివి వేఱుపడవలయును. వేఱుపఱచుటకు శక్తి కావలయును. ఆ శక్తి నీటిలోని వేడిమినుండియే పోవును. ఇది ఖర్చు పద్దు. వేఱుపడిన ప్రతి కణమును నీటి యణువులు చుట్టుకొని తమలోనికి చేర్చుకొనును. చేర్చుకొనునపుడు వేడిమి వెలువడును. ఇది జమ పద్దు. పుట్టినిల్లు విడుచునపుడు ఆడపిల్లకు కంటనీరు, మెట్టినింట ఆదరము దొరకినపుడు మొగమున వెలుగు. ఈ రెండును ఒక్క దినముననే జరుగుట మనమెఱుగనిది కాదు.

జమ హెచ్చినచో నీరు వేడెక్కును, ఖర్చు హెచ్చినచో చల్లబడును. రెండును ఇంచుమించు సరిపోయినచో చేతికి ఏమియు తెలియదు. మన వంటయుప్పు ఈ కడపటి తెగలోనిది. ఖర్చు కొంచెము హెచ్చు, అంతియే. నిత్యము వాడెడి వస్తువు ఇట్లు నెమ్మదిగలదగుటచేతనే ఈ లెక్క మనకు పట్టుబడలేదని మా యభిప్రాయము.

మావారు తాము పనిచేయు బడినుండి ఉష్ణమాపకము నొకదానిని తెచ్చి యిచ్చిరి. (ఇంటిలోని జ్వరపు గొట్టమును దీనికి వాడరాదు. అది 35 మొదలు 42 డిగ్రీలవఱకే చూపును. పాతకాలపు గాజుది వేడినీట పగిలినచో అందలి పాదరసము మఱియొక యపాయము.) నూఱు గ్రాముల నీటిలో ముప్పదియాఱు గ్రాముల ఉప్పు కరగించినచో రెండున్నర డిగ్రీలు దిగును. పదునాఱు గ్రాముల సూరేకారము, అనగా పెట్లుప్పు, కరగించినచో సుమారు పది డిగ్రీలు దిగును. ముప్పది గ్రాముల నవసాగరము కరగించినచో పదునెనిమిది డిగ్రీలు దిగునని పట్టికలు చెప్పుచున్నవి. కళాయి వేయువాడు కాలిన గిన్నెలో చల్లగా తెల్లని పొగ లేచెడిది ఈ నవసాగరమే. పొయ్యిమీది గిన్నెలో పొగలు చిమ్మెడి వస్తువు నీటిని ఇంతగా చల్లబఱచునని ఎవరు తలంతురు? మా వంటయింట పదునైదు డిగ్రీలే దిగినది. గాలియు గిన్నెయు తమ వేడిమిని నీటికి ఇచ్చుచుండునుగదా. అయినను గిన్నెకు వెలుపల మంచుచెమ్మ పట్టుట చూచి మా చిన్నవాడు చప్పట్లు కొట్టెను.

ఈ చలువను మనదేశపు రాజులు నాలుగువందల యేండ్లకు పూర్వమే వాడుకొనిరి. అక్బరు కొలువులోని అబుల్ ఫజలు రచించిన 'ఐనె అక్బరీ'లో చక్రవర్తి త్రాగునీటి శాలను గూర్చి యొక ప్రకరణము కలదు. తగరముతోనో వెండితోనో చేసిన కూజాలో ఒక సేరు నీరు పోసి మూతి బిగింతురు. వేఱొక పాత్రలో అయిదు సేర్ల నీటిలో రెండున్నర సేర్ల సూరేకారము వేసి, ఆ నీటిలో కూజాను కాలుగంట సేపు త్రిప్పుచుందురు. కూజాలోని నీరు చల్లబడును. త్రాగెడిది కూజాలోని నీరేగాని సూరేకారపు నీరు కాదు. ఆ నీటిని మరగించి యావిరి చేసినచో సూరేకారము తిరిగి చేతికి వచ్చును గనుక మఱల మఱల వాడుకొనవచ్చును. తుపాకిమందు కొఱకు ప్రోగుచేసెడి వస్తువును దాహము తీర్చుటకు వాడుట మాకు మిక్కిలి నచ్చినది. 1585 ప్రాంతమున అక్బరు పంజాబునకు తరలిన పిదప కొండలనుండి మంచు తెప్పించుకొన మొదలిడెను. 1833లో అమెరికానుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు వచ్చినవి. మద్రాసు తీరమున ఆ మంచును నిలువచేయుటకు కట్టిన యిల్లు నేటికిని ఉన్నది. వివేకానందస్వామి 1897లో అచ్చట బసచేసిరి. నేడు ఆటస్థలములలో బెణికిన కాలిపై పెట్టెడి సంచి కలదే, ఒక్కసారి గట్టిగా నొక్కగానే చల్లబడునది, అది అక్బరు కూజాకు మనుమరాలు. అందు పలుచని తిత్తిలో నీరు, దాని చుట్టు అమోనియము నైట్రేటో యూరియాయో యుండును. నొక్కినపుడు తిత్తి పగిలి నీరు దానిని కరగించును. సేద్యగాండ్ర యిండ్లలోని సోదరీమణులు యూరియా కలిపిన బకెట్టు చల్లబడుట చూచియే యుందురు.

ఇచ్చట తెలివిగల చదువరి యొక ప్రశ్న వేయక మానదు. జమకంటె ఖర్చు హెచ్చయినచో ఆ వస్తువు కరగుట యెందులకు? నష్టపు బేరమును ఎవరు చేయుదురు? మేమును ఈ ప్రశ్ననే వేసితిమి. మావారు సమాధానము చెప్పక, దేవుని గదిలో అగరువత్తి వెలిగించి వచ్చి కూర్చుండిరి. కొంతసేపటికి వాసన వంటయింటికి వచ్చినది. దానిని ఎవరును పిలువలేదు, ఎవరును పంపలేదు. కణములు ఒకచోట వరుసగా నుండుటకు ఒకటే విధము, చెదరి యుండుటకు కోట్లకొలది విధములు. అందుచేత చెదరుటవైపునకే ప్రకృతి మొగ్గుచుండును. ఆ మొగ్గు బలముగా నున్నచో కొంత నష్టమునైనను భరించి వస్తువు కరగును. వేడిమిని మ్రింగి కరగెడి వస్తువులకు వేడి యిచ్చినచో మఱింత కరగును. నూఱు గ్రాముల నీటిలో 20 డిగ్రీలవద్ద 32 గ్రాముల సూరేకారమే కరగును. 60 డిగ్రీలవద్ద 110 గ్రాములు కరగును. పాకము పట్టునపుడు చన్నీట కరగని చక్కెర వేడినీట కరగుటయు ఈ తీరుననే. చక్కెర మ్రింగెడి వేడిమి మాత్రము మిక్కిలి స్వల్పము.

ఇక సబ్బుపొడి సంగతి. దానిలో హెచ్చుగా నుండెడిది చాకలిసోడా. దీనికి రెండు రూపములు కలవు. ఒకటి తెల్లని పొడి, రెండవది గాజువంటి పలుకులు. పొడిని నీటిలో వేసినచో నీరు వెచ్చబడును. పలుకులను వేసినచో చల్లబడును! రెండును సోడాయే. మేము మొదట అంగడివాడు వేఱు వస్తువు నిచ్చెనని అనుమానించితిమి. తరువాత తెలిసినదేమన, పలుకులలో ముందుగానే నీరు చేరియున్నది. నూఱు గ్రాముల పలుకులలో సుమారు 63 గ్రాములు నీరే. చేయి తడి కాదు, పొడిగానే కనబడును. నీరు స్ఫటికమున నిమిడియుండును. ఆ నీటిని పుచ్చుకొన్ననాడే జమ యంతయు వసూలైపోయినది. మిగిలినది విడిపోవు ఖర్చు మాత్రమే. పొడికి జమ యింకను రావలసియున్నది, అందుచేత చేయి వెచ్చబడినది.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసినంత యుష్ణమునకు కెలోరీ యని పేరు. (ఆహారమును గూర్చి వైద్యులు చెప్పెడి కెలోరీ దీనికి వేయిరెట్లు.) వంటయుప్పు గ్రామునకు 16 కెలోరీలను మ్రింగును, నవసాగరము 66, సూరేకారము 82. కాస్టిక్ సోడాయో, విస్తారమైన నీటిలో కరగునపుడు గ్రామునకు సుమారు 265 కెలోరీలను వెలిగ్రక్కును. నూఱు గ్రాముల సోడాను మూడువందల గ్రాముల నీటిలో కరగించినచో 60 డిగ్రీలకు పైగా వేడిమి పెరుగును. అనగా కొళాయినీరు చేయి పెట్టరాని నీరగును. అట్టిచో నూటడెబ్బది గ్రాముల సోడాపై ఒక గ్లాసెడు నీరు పడినచో, అందును మొదటి గ్రుక్కెడు నీరు తాకినంతనే, ఏమగునో మీరే లెక్క వేయుడు. ఆ వేడిమి యంతయు ఆ గ్రుక్కెడు నీటికే చెందును. అది యచ్చటనే మరగి, ఆవిరియై, చుట్టునున్న క్షారమును తనతో గూడ ఎగజిమ్మును. మఱి సోడాను కొంచెము కొంచెముగా నీటిలో వేసినచో? ప్రతి చిటికెడు వేడిమిని గిన్నెడు నీరు పంచుకొనును. వస్తువులు అవియే, తూకములు అవియే, వెలువడు వేడిమియు అదియే. క్రమము మాఱినందున ఒకచోట పని జరిగినది, ఒకచోట చేయి కాలినది.

అత్తగారు చెప్పిన సున్నము మాట కిపుడు వత్తము. బట్టీలో కాల్చిన సున్నపురాయి నీటిలో కరగుట స్వల్పము. అది నీటితో కలిసి వేఱు వస్తువగును. 56 పాళ్ల కాల్చిన సున్నము 18 పాళ్ల నీటిని పుచ్చుకొని 74 పాళ్ల తడిసున్నమగును. కనుక ఉప్పు కరగుటకును దీనికిని భేదము కలదు. అయినను వెలువడు వేడిమి గ్రామునకు ఎంతయని చూచితిమి. సుమారు 277 కెలోరీలు! సోడాకు 265. అత్తగారు ఏ పట్టికయు చూడక, పండుగ ముందు వెల్లవేయుటకు సున్నము తడిపిన కుండలు పొంగుట మాత్రమే చూచి, రెండింటిని అప్పచెల్లెండ్రని చెప్పిరి. ఈ లెక్కను మేము చదివి వినిపింపగా, "పండ్రెండు కెలోరీల పెద్దరికము సున్నమునకే యున్నది గదా" అని నవ్విరి.

తాంబూలమున వాడు సున్నము ముందే తడిసినది. దాని వేడిమి బట్టీదాటిన కొలదిదినములకే తీరిపోయినది. అందుచేత దానిని గూర్చి భయము లేదని తలంపరాదు. వేడిమి పోయినను క్షారపు కాటు పోలేదు. సున్నపుకాయతోనో, సున్నము నింపిన చిన్న సంచితోనో పిల్లలు ఆడుకొనునపుడు అది చిట్లి కంట పడుటయు, చూపునకు హాని కలుగుటయు మనదేశమున కంటివైద్యులు తఱచుగా చూచుచున్న విషయము. సున్నపుకాయను పీటక్రింద పెట్టుట మాయింట ఆనాటినుండి మానితిమి.

గంధకామ్లము, అనగా సల్ఫ్యూరికామ్లము, ఈ విషయమున సోడాకు తీసిపోదు. పైగా అది నీటికి దాదాపు రెట్టింపు బరువు. చిక్కని యామ్లముపై నీరు పోసినచో నీరు పైననే తేలి, తాకినచోటనే మరగి, ఆమ్లమును మొగమున చిమ్మును. అందుచేతనే బడులలో "నీటిలో ఆమ్లము, ఆమ్లములో నీరు కాదు" అని పిల్లలచేత వల్లె వేయింతురు. అట్లయినచో ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీలో, అందున్నది ఆమ్లమే గదా, మనము నీరేల పోయుచున్నామని మా ఆడపడుచు అడిగినది. మంచి ప్రశ్న. బ్యాటరీలోనిది చిక్కని యామ్లము కాదు. దానికి రెండింతల నీటితో ముందుగానే కలిపినది. అది కలిపిననాడే వేడిమిలో పెద్దపాలు కర్మాగారమున వెలువడిపోయినది. మనము పోసెడి శుద్ధజలమునకు మిగిలినది స్వల్పము.

ఈ పాళ్ల లెక్కను మొదట నిలకడగా తేల్చినవాడు హెస్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన 1802లో జెనీవాలో పుట్టి, బాల్యముననే రష్యాకు పోయి, సెంట్ పీటర్స్‌బర్గులో ఆచార్యుడయ్యెను. గంధకామ్లమునకు ఒకమాఱు కొంచెము నీరు, ఒకమాఱు హెచ్చు నీరు చేర్చి, పిదప అమోనియాతో విఱిచి, ప్రతిమాఱును వెలువడిన వేడిమిని కొలిచెను. నీరు కలిపినపుడు హెచ్చు వేడిమి వచ్చినచో విఱిచినపుడు తక్కువ వచ్చెను. అచట తగ్గినచో ఇచట హెచ్చెను. రెండును కూడినచో ఎల్లప్పుడును ఒకే మొత్తము. 1840లో ఆయన దీనిని నియమముగా ప్రకటించెను. వడ్డీలేని యప్పును ఒక్కసారి తీర్చినను, నాలుగు వాయిదాలలో తీర్చినను మొత్తము మాఱదు. వాయిదాలలో తీర్చుటచేత గృహస్థునకు ఊపిరాడును, అంతియే. సోడాను చిటికెడు చిటికెడుగా వేయుటయు అట్టిదే.

నిమ్మకాయ సంగతియు ఇందుచేతనే తేటపడినది. పులుపు క్షారమును విఱుచుట నిజమే. విఱుచునపుడు మఱల వేడిమి పుట్టుటయు నిజమే. కాలిన చర్మముపై ఆ పని జరుగుట మేలు కాదు, అంతలో నీరు పోయుట ఆలస్యమగును. నీటిధార క్షారమును కడిగివేయును, వేడిమిని గూడ తీసికొనిపోవును. చర్మముపై పడినచో తడిసిన బట్టను, గాజులను, ఉంగరములను తీసివేసి ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ పాఱెడి నీటిలో నుంచవలయును. కంట పడినచో రెప్పలు విప్పిపట్టి నీరు పోయుచునే యుండి, వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలయును. పొడిసున్నము మీదపడినచో మొదట దులిపి, పిదప ధారాళముగా నీరు పోయవలయును. పిల్లలు పొరబాటున నోట పోసికొన్నచో వాంతి చేయింపరాదు. లోపలికి పోవునపుడు కాల్చినది వెలుపలికి వచ్చునపుడును కాల్చును. వెంటనే వైద్యశాలకే పోవలయును.

సబ్బు చేయనివారికిది యెందులకని కొందఱనుకొందురేమో. స్నానపుగది తూములు మూసికొనిపోయినపుడు వాడుటకు అంగళ్లలో అమ్మెడి తెల్లని పొడిలో ఉండెడిది సాధారణముగా ఈ కాస్టిక్ సోడాయే. తూముపై వంగి దానిని పోసి, వెంటనే వేడినీరు గుమ్మరించు తల్లులను మేము చూచితిమి. పొట్లముపై చిన్న యక్షరములలో వ్రాసినదానిని చదువుకొని, మొగము దూరముగా నుంచి, చల్లని నీటినే వాడుడు. అల్యూమినియపు గిన్నెలో సోడాను కలుపరాదు. ఆ లోహమును సోడా తినివేయును, మండెడి హైడ్రోజను వాయువు వెడలును, గిన్నెయు చిల్లి పడును. సాధారణపు గాజుపాత్ర వేడికి పగులును. స్టీలు గిన్నె మంచిది. మిగిలిన సోడాను మంచినీటి సీసాలోనో మందు సీసాలోనో పోసి దాచుట ప్రాణాపాయకరము.

పది దినములకు గాయము మానినది. పుట్టినింటినుండి తిరిగి పోవుటకు ముందు మా ఆడపడుచు సబ్బు చేసియే పోదునని పట్టుబట్టినది. మేము వలదంటిమి, అత్తగారు మాత్రము, "భయపడి మానినచో ఆ భయమే నిలిచిపోవును, చేయనిండు" అనిరి. ఈసారి పెరటిలో, గాలి తగులుచోట, పెద్ద పళ్లెమున చన్నీరు పోసి అందు స్టీలు గిన్నె నుంచితిమి. గిన్నెలో నాలుగువందల గ్రాముల నీరు. చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దములు. ఆమె చెంచాతో కొంచెము కొంచెముగా సోడాను నీటిలో వేయుచు కఱ్ఱగరిటెతో కలుపుచుండగా మేము ఉష్ణమాపకమును చదువుచుంటిమి. 26, 34, 47, 58. చన్నీటి పళ్లెమున నున్నను 70 దాటినది. ఎచ్చటను బుస్సుమన లేదు, ఒక్క తుంపురైనను ఎగయలేదు. చల్లాఱిన పిదప నూనెలో పోసి కలిపి, అచ్చులలో పోసి, ఆఱు వారములు ఆఱనిచ్చితిమి. పదునాలుగు బిళ్లలు వచ్చినవి. రెండింటికి మూలలు విఱిగినవి; వానిని మేము ఉంచుకొని తక్కినవి ఆమెకు పంపితిమి.

ఆ చేతివ్రాత కాగితమును ఇచ్చినవారికి తిరిగి యిచ్చివేయుటకు ముందు, నీరు, సోడా అను రెండు పంక్తులకు నడుమ ఎఱ్ఱసిరాతో "నీటిలో సోడా, కొంచెము కొంచెముగా" అని వ్రాసితిమి. ఐస్‌క్రీము పీపాలో మంచుగడ్డలపై ఉప్పు చల్లుట ఎందులకని ఒక సోదరి వ్రాసినారు. అది కరగుట అను మాట రెండర్థములలోను ఒక్కసారే జరిగెడి సంగతి. వచ్చు మాసమున దానిని చెప్పెదము.